దేవుని కట్ట

ఈస్టర్ వచ్చేది చంద్రుణ్ణి చూసుకొని, వరి పండేది నాటు వేసిన రోజును చూసుకొని. ఈ రెంటికీ ప్రతి యాసంగి పంటలోనూ పొత్తు కుదరాలని ఎవరూ రాసివ్వలేదు. మా ఊళ్ళో మాత్రం కుదిరి తీరాలి. ఈస్టర్ దాటిన మరుసటి ఆదివారం మాకు కోతల పండుగ. ఆ రోజు దేవుని కట్ట చర్చిలోకి పోయేదాకా మావాళ్ళెవరూ వరిలో చెయ్యి పెట్టరు. అంటే, పెట్టేవాళ్ళు కాదు.

ఆ పండుగను బయటివాళ్ళు చూస్తే అది ఎవరి పండుగో తేల్చుకోలేరు. ముందురోజు సాయంత్రం చర్చి సంఘపెద్ద పొలంలో ప్రార్థన చేసి కొడవలితో ఒక కట్ట కోస్తారు. దానికి పసుపుగుడ్డ చుట్టి, మామిడాకులూ బంతిపూలూ కడతారు. తెల్లారి పెద్ద ఆ కట్టను తలమీద పెట్టుకొని ముందు నడుస్తాడు. వెనక డప్పులు, డప్పుల వెనక ట్రాక్టర్లు, మా తాతల నాడైతే ఎడ్లబండ్లు. అందరూ కలిసి చర్చి చుట్టూ తిరుగుతారు. ఆడవాళ్ళ తలల మీద కొత్త కుండలు, కుండలకు పసుపు, పసుపు మీద సున్నంతో సిలువ గుర్తు. సిటీ నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగార్లు మొదటి ఏడు ముఖం చిట్లిస్తారు, తర్వాతి ఏడు ఊరుకుంటారు, ఆ పైన వాళ్ళే ముందు నడుస్తారు. గొల్ల గుర్వయ్య మామ మల్లన్న భక్తుడు, చర్చి గడప తొక్కి ఎరగడు. అయినా పండుగకు ఒక గొర్రెపిల్లను తోలుకొచ్చి, మెట్టు దగ్గర టెంకాయ కొట్టి, దాన్ని అక్కడ కట్టేసి పోతాడు. ఇదేందని నేనొకసారి అడిగాను.

"మల్లన్నకు పట్నం ముగ్గు ఏస్త, ఏసయ్యకు గొర్రెపిల్లను ఇస్త. ఆళ్ళిద్దరికి లేని పేచీ నీకెందుకు బిడ్డా" అన్నాడు.

అప్పుడు సంఘపెద్ద మా బాపు, భిక్షం. అంతకుముందు మా తాత. వెనకట మా వాడవాళ్ళు కోసిన మొదటి కట్ట దొర గడిలో దిగేదట. దొర ఊఁ అన్నాకనే మిగతా వరిలో కొడవలి పడాలి. మా వాడ చర్చిలో చేరినప్పుడు వాళ్ళు దేవుణ్ణి మార్చుకున్నారు గాని కట్టను మానుకోలేదు. గడి వైపు పోయేదాన్ని చర్చి వైపు తిప్పారు, తిప్పినందుకు మా తాత వీపు చిట్లింది. అందుకని బాపుకు అది ఒక్కరోజు పండుగ ముచ్చట కాదు, తండ్రి దెబ్బలు తిని నిలబెట్టిన మాట.

నేను డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి ఇంటికొచ్చిన ఎండాకాలం అది. ఈస్టర్ బాగా ఆలస్యంగా వచ్చింది. బోర్లలో నీళ్ళున్నాయని అందరూ నాట్లు తొందరగా వేశారు. దాంతో ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికే వరి పసుపెక్కి తల వాల్చింది. పండుగ ఇంకా రెండు వారాలుంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చేతుల్లో ఈతమట్టలు పట్టుకొనే మగవాళ్ళంతా బాపు చుట్టూ చేరారు. మా పెదనాయిన కొడుకు నరేశ్ అందరికన్నా ముందు నోరు విప్పాడు.

"చిన్నాయినా, కోత మిషిన్ ఊళ్ళెకొచ్చింది. బుధారం దాటితే మిర్యాలగూడ దిక్కు పోతదట. ఫోన్ల సూడు, వారం ఆఖర్ల గాలివాన ఉన్నదంటున్నరు. నువ్వొక్క మాట అంటే కోసుకుంటం."

"ఫోను రోజుకొకటి చెప్తది" అన్నాడు బాపు. "కట్ట పడకముందే కోస్తే ఇగ కట్టెందుకు? మా నాయిన దీనికోసం ఎన్ని దెబ్బలు తిన్నడో నీకెరుకనా? జర ఓపిక పట్టుండ్రి."

నరేశ్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. మిగతావాళ్ళు మట్టలు ఊపుకుంటూ వెళ్ళిపోయారు. బాపు మాటకు ఊళ్ళో అంత విలువ ఉండేది. ఆ విలువ చూసి నేను పొంగిపోయేదాన్ని కూడా, ఇప్పుడు చెప్పుకోవడానికి ఏముంది.

మధ్యాహ్నం మా స్వర్ణ అత్తమ్మ వచ్చింది. ఆమె బాపుకు ఒక్కతే చెల్లెలు. భర్త చనిపోయాక కొడుకును హాస్టల్లో వేసి, మా ఊరికే వచ్చేసి, మా పక్క గదిలో ఉంటోంది. మా పొలాన్ని ఆనుకొని ఒక చిన్న పొలం చెక్క కౌలుకు చేస్తోంది. మా వరికీ ఆమె వరికీ మధ్య ఒక గెట్టు, అంతే. ఆమె వండిన పప్పు మా ఇంట్లోకి, మా అమ్మ వండిన పులుసు ఆమె ఇంట్లోకి రోజూ గిన్నెలు నడిచేవి. ఆడబిడ్డ, వదినె అంటే ఎట్లా ఉంటారని లోకం అనుకుంటుందో ఆ ఇద్దరూ అట్లా ఉండేవాళ్ళు కాదు. తలలో పేలు చూసుకుంటూ, ఊళ్ళోవాళ్ళ మీద చాడీలు చెప్పుకుంటూ గంటలు గడిపేవాళ్ళు. పొలం ఆసామి మాత్రం అత్తమ్మకు ముందే చెప్పాడు: ఈ యాసంగి వడ్లు ఇంటికొస్తేనే పొలం ఆమె చేతిలో ఉంటుంది, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని.

"అన్నా, నాది గుడ ముదిరింది. చెయ్యి పెడితే రాలుతాంది. ఏం చెయ్యమంటవ్?" అని అడిగింది అత్తమ్మ.

"ఆగు చెల్లె. నువ్వు నా చెల్లెవు. నువ్వే ఆగకపోతే ఊరు ఆగుతదా?"

"నువ్వు ఆగమంటే ఆగుత" అంది అత్తమ్మ. కానీ అన్నాక కూడా కాసేపు అక్కడే నిలబడింది.

మా అమ్మ సైదమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది. జాన్‌పహాడ్ సైదులు దర్గాలో మొక్కుకుంటే పుట్టిందని సైదమ్మ అన్న పేరు. పెళ్ళయ్యాక చర్చిలో ఇంకో పేరు పెట్టారు గాని, ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. అమ్మ బియ్యంలోంచి రాయి ఏరి వాకిట్లోకి విసిరింది.

"దేవునికేం తొందర? వానకే తొందర" అంది, ఎవరివైపూ చూడకుండా.

బాపు విననట్టే ఉన్నాడు.

బుధవారం పొద్దున బాపు తెల్లచొక్కా వేసుకొని భువనగిరి బస్సెక్కాడు. పండుగకు పాస్టర్లందరి మీది పెద్ద అయ్యగారిని పిలవాలని. అమ్మ బస్టాండ్ దాకా పోయి సాగనంపి వచ్చింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది, ఎందుకంటే మా అమ్మ బాపును వాకిలి దాకా కూడా ఎప్పుడూ సాగనంపలేదు. వచ్చీరాగానే నన్ను కోడికూర వండమంది.

"ఈస్టరు దాక నీసు ముట్టని శ్రమకాలంల కోడికూరేందే?" అన్నాను.

"డ్రైవర్‌కు. ఆయనకు శ్రమకాలం లేదు" అని, తలకు తువ్వాల చుట్టుకొని పొలానికి పోయింది.

మధ్యాహ్నానికి ట్రాక్టర్ వచ్చి మా వాకిట్లో వడ్లు కుమ్మరించింది. ఇంటి ముందంతా పచ్చి వడ్ల వాసన. నేను గరిటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. అమ్మ ఒళ్ళంతా నూగుతో, ఎర్రబడ్డ కళ్ళతో ట్రాక్టర్ దిగింది.

"బాపుకు ఏం చెప్తవే?" అని అడిగాను.

"వడ్లు పోసినంక చెప్పేదేముంది. కండ్లున్నయి, సూసుకుంటడు." తర్వాత కొంచెం మెత్తబడి అంది: "దేవుని కట్టకని ఓ మూల మంచమంత జాగా కోయకుండ ఉంచిన. ఆయనది ఆయనకు ఉంచిన బిడ్డా. మనది మనం తెచ్చుకున్నం."

"అత్తమ్మది?"

అమ్మ తువ్వాల విప్పి దులిపింది. డ్రైవర్‌కు అన్నం పెట్టు అని లోపలికి పోయి, చాలాసేపు ముఖం కడుక్కుంది. మిషిన్ డ్రైవర్ అన్నం తిన్న వెంటనే మిర్యాలగూడ దారి పట్టాడు.

సాయంత్రం బాపు బస్సు దిగి వచ్చాడు. వాకిట్లో కుప్ప దగ్గర ఆగాడు. గుప్పెడు వడ్లు తీసి, వేళ్ళ మధ్య నలిపి, మళ్ళీ కుప్ప మీదనే వేశాడు. అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండేది. చొక్కా కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"పెద్ద అయ్యగారు వస్తనన్నడు" అని మాత్రం అన్నాడు.

అదే సమయానికి స్వర్ణ అత్తమ్మ వచ్చింది. గాలి లేస్తోంది. ఎవరూ ఏమీ అడగకముందే టార్పాలిన్ ఒక కొస పట్టుకుంది. ఇంకో కొస అమ్మ పట్టుకుంది. ఇద్దరూ కలిసి కుప్ప మీద కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టారు.  బాపు మంచం మీదనుంచి "చెల్లె..." అన్నాడు. అత్తమ్మ ఆగింది. బాపు తువ్వాల ముఖం మీదికి లాక్కున్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

నువ్వూ కోసుకో అని బాపు అప్పుడు చెప్పి ఉండాల్సింది. మిషిన్ పోయినా కొడవళ్ళున్నాయి. వాడలో తిరిగి నా ఇంట్లోనే నా మాట నిలవలేదు, మీ వరి మీరు కోసుకోండి అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. గురువారమంతా ముఖాన తువ్వాల వేసుకొని మంచం దిగలేదు. సిగ్గు ఎంతటి మనిషినైనా కాళ్ళు విరిచి కూర్చోబెడుతుందని నేను అప్పుడు చూశాను. ఆయన చెప్పకపోయినా కుప్ప చెప్పింది. సంఘపెద్ద కోసుకున్నాడట అన్న మాట వాడంతా పాకింది. అందరూ తిట్టుకుంటూ కొడవళ్ళు పట్టుకొని దిగారు. కొడవలి పట్టే చేతులు ఇప్పుడు ఎన్నని మిగిలాయి, ఒక్కరోజులో ఎంతని కోస్తారు? దిగనిది స్వర్ణ అత్తమ్మ ఒక్కతే. ఆ రోజంతా తన గడపలో కూర్చొని మా ఇంటివైపే చూస్తూ ఉంది. మా ఇంట్లోకి గిన్నె రాలేదు, మా ఇంట్లోంచి పోలేదు.

మంచి శుక్రవారం మధ్యాహ్నం చర్చి నిండిపోయింది. ఆడవాళ్ళంతా తెల్లచీరల్లో చాపల మీద, మగవాళ్ళు అటుపక్క. బాపు ఎప్పుడూ కూర్చునే ముందు వరుసలో కాకుండా తలుపు దగ్గర కూర్చున్నాడు. మా చర్చి పాస్టరు డానియల్ అయ్యగారు ఏసు సిలువ మీద పలికిన ఏడు మాటలు ఒక్కొక్కటే చెప్తున్నారు. దప్పిగొన్నానన్న మాట దగ్గరికి వచ్చేసరికి బయట చీకటి కమ్మింది. మొదట రేకుల మీద ఎవరో గులకరాళ్ళు విసిరినట్టు రెండు మూడు చప్పుళ్ళు. తర్వాత ఇక లెక్క లేదు. అయ్యగారి పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం ఎవరికీ వినబడలేదు. ఆ చప్పుడు ఏమిటో చర్చిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎవరూ లేవలేదు. లేచి చేసేదేముంది? ముసలివాళ్ళు కళ్ళు మూసుకున్నారు. నరేశ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె పైకప్పు వైపు చూడటం లేదు, మా అమ్మ వైపు చూస్తోంది. అమ్మ నేలవైపు చూస్తోంది.

రాళ్ళవాన ఆగాక పొలాలు చూడలేకపోయాం. గడ్డి గడ్డిలాగే ఉంది, కంకులకు గింజ లేదు. మడి నిండా బురదలో వడ్లు. అమ్మ దేవుని కట్టకని ఉంచిన మంచమంత జాగా కూడా అంతే. మర్నాడు అత్తమ్మ తట్టా చీపురూ పట్టుకొని తన మడిలోకి దిగింది. బురదతో సహా ఊడ్చి, బోరు దగ్గర జల్లెడలో పోసి కడుగుతోంది. చేతికొచ్చేది పిడికెడు, అదీ మొలకెత్తబోయేదే. అమ్మ ఇంకో చీపురు పట్టుకొని గెట్టు దాకా పోయింది. అత్తమ్మ తలెత్తకుండా తట్ట ఎత్తుకొని మడి ఆ చివరికి నడిచింది. అమ్మ కాసేపు నిలబడి వెనక్కి వచ్చేసింది.

ఈస్టర్ నాడు అమ్మ మా వడ్లు కొన్ని సంచులకు ఎత్తి, నేనూ ఆమే మోసి, అత్తమ్మ గడప పక్కన పెట్టి వచ్చాం. తెల్లారి చూస్తే సంచులు మా వాకిట్లో, ఒకదాని మీద ఒకటి పొందికగా పేర్చి ఉన్నాయి. అమ్మ వాటిని విప్పకుండా అట్లాగే వదిలేసింది. ఆ వారంలోనే ఆసామి వచ్చి పొలం చూసి పోయాడు.

ఆ ఏడు పండుగ ఉండదనుకొని పెద్ద అయ్యగారికి రావద్దని కబురు కూడా పంపారు. ఉండాలని పట్టుబట్టింది గుర్వయ్య మామ. గొర్రెపిల్లను తోలుకొని పొద్దున్నే వచ్చి మెట్టు దగ్గర కూర్చున్నాడు.

"నా పిల్లను నేను ఇయ్యాలె. మీ పంట పోతే దేవుడు పోయిండా? డప్పు తీయుండ్రి" అన్నాడు.

అట్లా జనం ఒక్కొక్కరే చేరారు. కుండలకు పసుపు రాశారు. ట్రాక్టర్లకు మామిడాకులు కట్టారు. కానీ కట్ట లేదు. ముందురోజు బాపు పొలానికి పోలేదు, పొమ్మని ఎవరూ అడగలేదు. అందరూ చర్చి ముందర నిలబడి ఉన్నారు. డానియల్ అయ్యగారు మెల్లగా బాపు వైపు తిరిగారు.

"భిక్షమన్నా, మరి కట్ట?"

"ఆయన కట్ట మాకొద్దు అయ్యగారూ" అన్నాడు నరేశ్. గొంతులో ఏడుపో కోపమో తెలియలేదు. "మమ్మల్ని ఆగుమని చెప్పి తనది కోసుకున్నడు. తాత పేరు చెప్పి మా నోట్లె మన్ను కొట్టిండు."

 బాపు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కోయించిన" అన్నాడు. "నాదే తప్పు. నన్నేమన్న అనుండ్రి."

 అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. ఆ ముక్క కూడా నేలవైపు చూస్తూ అన్నాడు. ఆడవాళ్ళ గుంపులోంచి అమ్మ కుండ దించి ముందుకు వచ్చింది.

"ఆయనకు ఎరుకలేదు" అంది. "ఆయన భువనగిరి పోయినంక నేను కోయించిన. మిషిన్‌ను పిలిచింది నేను."

ఎవరో నవ్వారు. "మొగన్ని కాపాడుకుంటాంది" అని ఒక ముసలామె పక్కామెతో అనడం నాకు వినబడింది. నరేశ్ తల అడ్డంగా ఊపాడు. ఒక్క ముఖంలోనూ నమ్మకం లేదు. పెళ్ళాం చేసిన పని మొగుడికి తెలియకుండా ఉంటుందా అన్నదే అందరి ముఖాల్లోనూ. అమ్మ అటూ ఇటూ చూసింది. తర్వాత ఆమె అనబోయే మాట ఆమెకెంత బరువో ఆ ముఖంలోనే కనబడింది.

"స్వర్ణను అడుగుండ్రి. మిషిన్ నడిచేటప్పుడు గెట్టు మీదకొచ్చి నిలబడ్డది. నన్ను సూసింది. ఆయన ఉన్నడో లేడో ఆమెనే చెప్తది."

అప్పటిదాకా నాకూ తెలియదు. బాపుకూ తెలియదు. ఆయన చటుక్కున తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. అత్తమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"సూసిన" అంది. "అన్న లేడు. వదినెనే ఉండె." అమ్మ వైపు తిరిగి అంది: "ఆమె గుడ నన్ను సూసింది. సూసి మొకం తిప్పుకున్నది."

 నరేశ్ తల దించుకున్నాడు. ఊళ్ళో బాపు పరువు ఆ ఒక్క మాటతో తిరిగొచ్చింది, అమ్మది పోయింది. అమ్మ అక్కడినుంచి కదల్లేదు. స్వర్ణను ఎందుకు అడగమందో, ఏం పోగొట్టుకోబోతూ అడగమందో ఆమెకు ముందే తెలుసు. ఆ క్షణంలో మా అమ్మ మీద నాకు కోపం, ప్రేమ రెండూ కలిపి వచ్చాయి.

డానియల్ అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మన సంఘంలో చివరిదాకా మాట మీద నిలబడింది స్వర్ణమ్మ ఒక్కతే. మిషిన్ కండ్ల ముందర నడుస్తున్నా కోయలేదు. అందరూ కొడవళ్ళు పట్టినా పట్టలేదు. కట్ట ఆమె పొలం నుంచే రావాలె, ఆమే మోయాలె."

"నాకొద్దు అయ్యగారూ" అంది అత్తమ్మ. "నేను మొయ్యను."

అది వినయం అనుకున్నారందరూ. నరేశే పరుగెత్తుకుంటూ పోయి ఆమె మడిలోంచి కోసుకొచ్చాడు. ఒరిగిన గడ్డి, అక్కడక్కడా కంకికి అంటుకున్న నాలుగు గింజలు. దానికే పసుపుగుడ్డ చుట్టారు. బాపు తన చేతులతో ఎత్తి చెల్లెలి తలమీద పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. మా ఊళ్ళో ఆడమనిషి దేవుని కట్ట మోయడం అదే మొదలు. డప్పులు మోగాయి. అత్తమ్మ చర్చి చుట్టూ తిరిగింది. దారి పొడుగునా ఆడవాళ్ళు ఆమె పాదాల మీద నీళ్ళు పోశారు. ఆమె ముఖం చూస్తే పండుగ చేసుకుంటున్న మనిషి ముఖంలా లేదు.

తర్వాత చర్చి వెనక రాళ్ళపొయ్యిల మీద కుండలెక్కాయి. ఆ పూట అత్తమ్మ తన పొయ్యి అందరికీ దూరంగా, గోడ చివర పెట్టుకుంది. అమ్మ నా చేతికి గరిటె ఇచ్చి, నడిచి ఆమె పక్కన పోయి కూర్చుంది. కుండ పొంగకుండా చూడాలన్న వంకతో నేనూ పోయి రెండడుగుల దూరంలో నిలబడ్డాను. వెళ్ళమని ఎవరూ అనలేదు.

"ఒక్క కేకేస్తే ఇనపడేంత దూరంలున్న వదినె" అంది అత్తమ్మ, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. "ఎందుకు పిలువలే?"

"పిలిస్తే నువ్వు మిషిన్‌కు అడ్డం నిలబడ్తవనుకున్న. అన్న మాటని, దేవుని మాటని ఆపుతవనుకున్న. నా మొకం నీకు సూపెట్టలేకపోయిన."

అత్తమ్మ పొయ్యి ఊదింది. పొగకు కళ్ళు నలుపుకుంది.

"నేను గెట్టు మీదికి ఎందుకొచ్చిననుకున్నవ్?" అంది. "మిషిన్ సప్పుడు ఇని ఉరికొచ్చిన. నాది గుడ కోయించు వదినె, అన్నకు మనం ఇద్దరం కలిసి చెప్పుకుందం అని అడుగుదామని. నోటిదాక వచ్చింది. నువ్వు మొకం తిప్పుకుంటివి."

అమ్మ చెయ్యి అట్లాగే మోకాలి మీద ఆగిపోయింది.

"మరి అడగకపోతివి..." అంది, వినబడీ వినబడనట్టు.

"సిగ్గనిపిచ్చింది. కోస్తనే దేవునికి భయపడి మొకం తిప్పుకున్నవనుకున్న, నాకు గా భయం గుడ లేకపాయె. ఎనకకు పోయిన. అటెన్క నువ్వు కోసుకున్నవని ఊరంత అంటుంటే పంతం పట్టిన. నేను మాత్రం కొయ్య, నేను మాత్రం మాట మీద ఉంట, రేపు నువ్వు తల దించుకోవాలె అని. దేవుని కోసం కాదు వదినె. నీ మీది కోపంతోని కొయ్యలే. గా కోపానికి కట్ట ఎత్తిరి."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. మా తాత చచ్చిపోయినప్పుడు కూడా ఆమె అట్లా ఏడవడం నేను చూడలేదు. అత్తమ్మ ఏడవలేదు. కుండలోంచి రెండు మెతుకులు తీసి నలిపి చూసింది, ఇంకా ఉడకాలి.

"అన్నకు గిది చెప్పకు" అంది. "ఆయనకు ఊళ్ళె ఎవల మీద నమ్మకం మిగిలిందని. నా మీదన్న ఉండనీ."

అమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వానలు పడకముందే పొలం ఇంకొకరి చేతికి పోయింది. అత్తమ్మ చౌటుప్పల్‌లో కిరాయికి ఇల్లు తీసుకొని రోజూ కంపెనీ పనికి వ్యాను ఎక్కుతోంది. ఇప్పుడు మా ఊళ్ళో ఎవరి వరి ఎప్పుడు పండితే అప్పుడు కోసుకుంటారు. కోసుకొమ్మని మట్టల ఆదివారం నాడు బాపే అందరికీ చెప్తాడు. దేవుని కట్టకు మాత్రం ప్రతి ఇంటివాళ్ళూ పొలంలో ఒక మూల వదులుతారు.

పండుగకు అత్తమ్మ తప్పకుండా వస్తుంది. అన్నాలు అయ్యాక బాపు చుట్టాలందరినీ కూర్చోబెట్టుకొని ఆ ఏటి ముచ్చట మొదలుపెడతాడు. ఇంటి పెద్దను నేనే మాట తప్పిన గాని, మా చెల్లె ఒక్కతే దేవుని మాట మీద నిలబడ్డది, అసుంటి ఆడబిడ్డ ఇంటికొక్కతి పుట్టాలె అని, ఆమె తలమీద చెయ్యి వేసి చెప్తాడు.  వినేవాళ్ళు తలలూపుతారు. అత్తమ్మ తల వంచుకొని చాప మీది పుల్లలు ఏరుతూ ఉంటుంది. అమ్మ లేచి నీళ్ళ చెంబు తీసుకొని ఇంట్లోకి పోతుంది, ఆ ముచ్చట అయిపోయేదాకా బయటికి రాదు.